వంతెనలో అడిగిన మాట

ఆగరా కేలెబ్, ఆ పాలబండి ఇవతలికి రానీ. ఈ కప్పు వంతెనలో రెండు బళ్ళు పట్టవు. అన్నిటికీ మీ తాత తొందరే నీకూనూ. ఏవిటీ, పైనున్న బోర్డా? 'గుర్రాన్ని నడిపించుకు వెళ్ళండి, పరిగెత్తిస్తే జరిమానా' అని. గుర్రాలు పోయినా బోర్డుంచారు, మంచిదే. దీని పేరెత్తితే నాకు మా ఈనస్ మామే గుర్తొస్తాడు. మా అమ్మకి తమ్ముడు. వంతెనలోకి మంచు తెచ్చి పోయడం ఆయన పని. నవ్వకు, పోయడమే. ఊరంతా మంచు ఎత్తి పారేసుకుంటుంటే మామ గంపలతో మోసుకొచ్చేవాడు.

అప్పట్లో చలికాలం వస్తే చక్రాల బళ్ళు మూలపడేవి, అన్నీ స్లెడ్జి బళ్ళే. రోడ్డు మీద మంచు తీసేవాళ్ళు కాదు, గుర్రాలకి పెద్ద కొయ్య రోలరు కట్టి అణిచేవాళ్ళు. బండి దాని మీద జారుకుంటూ పోయేది. తీరా ఇక్కడికొచ్చేసరికి లోపల ఒట్టి చెక్కలు. పైన కప్పూ పక్కన గోడలూ ఉన్నాయిగా, మంచెక్కణ్ణించి పడుతుందీ? చెక్కల మీదకెక్కిన బండి కిర్రుమని కూచునేది, ఇక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. మరి కప్పెందుకూ అంటావు. కప్పు మనకోసం కాదురా, దూలాలు తడిసి పుచ్చిపోకుండా. అంచేత మామ మంచు తెచ్చి పరిచి, పార వెనక్కి తిప్పి కొట్టి, పైన నీళ్ళు చిలకరించి తెల్లారేసరికి అద్దంలా తయారుచేసేవాడు. మా అమ్మ అనేది, 'మా తమ్ముడు తన పక్క ఏనాడూ సర్దుకోడు గానీ, వంతెనకి మాత్రం దుప్పటి పరుస్తాడు' అని. అమ్మకి నోరెక్కువలే. మేపుల్ చెట్ల తీపి నీళ్ళు పాకం కాచేటప్పుడైతే ఇంకానూ... సరే, ఎక్కడున్నాం?

ఆ, మామ సంగతి. మన బళ్ళో లవీనియా టీచరుగారని ఉండేది. ఆవిడది మన ఊరు కాదు. బడి ఉన్నన్నాళ్ళూ ఏటి అవతల ఒకరింట్లో ఉండేది. పొద్దున్నా సాయంత్రం మామే బండిలో తీసుకెళ్ళేవాడు. ఆవిడ మీద మామకున్న మనసు ఊరందరికీ తెలుసు. ఆవిడ ఎండాకాలానికల్లా వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోతోందనీ, మళ్ళీ రాదనీ కూడా తెలిసింది. ఈయన అడగడు. అడిగితే వంతెనలోనే అడగాలని పట్టుదల. ఎందుకంటే ఇక్కడో కట్టుబాటుండేది. వంతెనలో అడిగిన మాటకి వెలుగులోకి వెళ్ళకముందే జవాబు చెప్పాలి, అదీ నిజం చెప్పాలి. పాస్టరుగారంతటి మనిషే, లోపల ఎవరన్నా నోరు తెరిస్తే దగ్గొచ్చినట్టు నటించేవారు. బయట అడిగితే ఆడవాళ్ళు 'చూద్దాం' అంటారు, లోపల అడిగితే అటో ఇటో తేలిపోతుందని మామ లెక్క.

లెక్క బానే ఉంది, మామ నోరే బాలేదు. ఏ మాటకైనా ముందు గొంతు సవరించుకోవాలి, టోపీ సర్దుకోవాలి, ఆనక 'మరేం లేదు టీచరుగారూ...' అనాలి. ఆ 'మరేం లేదు' అయ్యేసరికి బండి రయ్యిమని అవతల తేలేది. మంచు అంత నున్నగా పరిచింది ఎవరూ? ఈయనే. చలికాలమంతా అంతే. పొద్దున 'మరేం లేదు', సాయంత్రం 'మరేం లేదు'. ఊళ్ళో కుర్రాళ్ళు ఆయన్ని చూస్తే చాలు, టోపీలు సర్దుకుని 'మరేం లేదండీ' అనేవాళ్ళు.

ఆ ఏడాదే రోడ్ల పని బిడ్‌వెల్‌గారికి అప్పజెప్పారు. బోస్టన్‌లో బతికి వచ్చినాయన, చొక్కా మీద మరక పడనివ్వడు. ఆయన వచ్చి వంతెనలో తొంగిచూసి, 'కప్పున్నచోట మంచేమిటి, శుభ్రం చెయ్యండి' అని మనుషుల్ని పెట్టి ఊడ్పించేశాడు. మామ పొద్దున టీచరుగారిని దింపి అడివిలోకి కట్టెలకి పోయాడు, ఆయనకేం తెలుసు. సాయంత్రం ఆవిణ్ణి ఎక్కించుకుని ఎప్పట్లాగే దిగువకి జోరుగా తోలుకొచ్చాడు. వంతెన సగందాకా వచ్చి బండి కిర్రున ఆగింది. గుర్రం వెనక్కి తిరిగి మామ మొహం చూసిందిట.

మామకి కోపం ఎప్పుడూ రాదు, అప్పుడొచ్చింది. పార తీసుకుని దిగబోయాడు. 'మంచు తరవాత తెద్దురుగాని, కూచోండి. మీరేదో చెప్పబోయారు' అంది ఆవిడ. మామ కూచున్నాడు. గొంతు సవరించుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. కింద ఏరు గడ్డకట్టిపోయి చప్పుడే లేదుట. ఆఖరికి, 'మరేం లేదు టీచరుగారూ, మా ఇంట్లో కుర్చీలు రెండున్నాయి. ఒకటి ఊరికే ఉంటోంది' అన్నాడు. పెళ్ళి అనలేదు, ప్రేమ అనలేదు, కుర్చీ! ఆవిడ ఆలోచించనైనా లేదు. 'కిటికీ పక్కదైతే నాకిచ్చెయ్యండి' అంది.

అలా ఆవిడ నాకు అత్తయింది. బతికినన్నాళ్ళూ హాయిగా బతికారురా, చూడముచ్చటేసేది. బిడ్‌వెల్‌ని మాత్రం మామ ఏటా మొదటి మంచుకి తిట్టేవాడు, ఏటా మొదటి పాకం దించగానే ఆయనకో జాడీ పంపేవాడు. రెండూ తప్పలేదు.

మామ పోయిన ఏడాది చలికాలం, అత్త బాల్చీతో మంచు మోసుకుని ఇక్కడికొచ్చింది. అప్పటికి అన్నీ కార్లే. 'ఎందుకత్తా ఇదంతా' అన్నా. 'చెక్కలు అలా ఒట్టిగా ఉంటే ఆయన ఊరుకుంటాడా' అంది. నేనూ పార పట్టుకున్నా. నాకెందుకో ఏడుపొచ్చింది. అది ఆపుకోడానికి ఏదో ఒకటి అనాలని, 'ఆ బిడ్‌వెల్‌కి ఆవేళే ఎందుకు పుట్టిందత్తా ఆ బుద్ధి?' అన్నా. అత్త బాల్చీ కింద పెట్టింది. వంతెన రెండు కొసలకీ చూసి, 'లోపల అడిగావు, ఇంకేం చేస్తాను' అంది. ముందురోజు బిడ్‌వెల్ బడికొస్తే ఈవిడే అందిట, 'కప్పున్న వంతెనలో మంచేమిటండీ, బోస్టన్‌వాళ్ళు చూస్తే నవ్వరూ' అని.

మామకి చెప్పావా అన్నా. 'ఇందులోంచి ఆయనతో ఎన్నిసార్లు వెళ్ళానో. ఎప్పుడూ అడగలేదు' అంది. 'ఆ సంగతి వచ్చినప్పుడల్లా టోపీ మాత్రం సర్దుకునేవాడు.'

అదిగో, పాలబండి వచ్చేసింది. పోనీ. నెమ్మదిగా, బోర్డు చూశావుగా. ఆ, లోపలికొచ్చేశాం, ఇంకా నెమ్మదిగా. ఒరే కేలెబ్, ఆ పోస్టాఫీసు పిల్ల సంగతేవిట్రా?