ఆరింటికి ఆగే మిషన్లు

సాయంత్రం ఐసు ఫ్యాక్టరీలో మిషన్లు అప్పుడే ఆగాయి. వెనక వీధి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, గేటు దగ్గర నిలబడ్డ యజమానిని పలకరించింది.

"రోజూ ఆరింటికి ఆపేది నువ్వేనా బాబూ?"

"నేనే పిన్నిగారూ. ఈ నెలాఖరుదాకా ఊరంతా లైట్లు వేసుకునే వేళ మూడు గంటలు ఆపమని కరెంటాఫీసువాళ్లు అడిగారు. మీకేమైనా ఇబ్బందా?"

"ఇబ్బందా? మా ఆయన ఊపిరి ఆక్సిజన్ మిషను మీదే నడుస్తోంది. పోయిన వేసవిలో దీపాలు పెట్టే వేళకి నీ ఫ్యాక్టరీ కూడా నడుస్తుంటే వోల్టేజి పడిపోయి అది ఆగిపోయేది. నిన్ను తిట్టని తిట్టు లేదు. ఈసారి ఒక్కరోజూ ఆగలేదు."

"నా గొప్పేం లేదండీ. ఐసు డబ్బాలు మునిగుండే తొట్లో ఉప్పునీళ్లు మధ్యాహ్నమే బాగా చల్లబరిచేస్తాం. మూడు గంటలు ఆపినా ఐసు కరగదు."

"నీకు ఐసు కరగలేదు. నాకు మనిషి దక్కాడు."

"అంత మాటెందుకండీ."

"మరి నెలాఖరుతో ఆ గడువైపోతుందిగా?"

"గడువు వాళ్లది. ఆయనకి నయమయ్యేదాకా ఆపుతాను."

"ఇక నయం కాదని డాక్టరు చెప్పేశాడు బాబూ."

"అయితే ఆయన ఉన్నన్నాళ్లూ ఆపుతాను. నూరేళ్లు ఉండమనండి."