ఫకీరు వేయించిన మంచం

అధ్యక్షులు రయీస్ ఝండో ఖాన్ గారికీ, కళాశాల పెద్దలకీ, సాటి కవులకీ, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నేలమీద కూర్చున్న కౌలురైతులకీ నా సలాములు. వాళ్ళని చివర చెప్పాను చూశారా? ముప్పైయేళ్ళుగా నాది అదే వరస.

నా కవిత్వమంతా నిహాల్ ఫకీరు పెట్టిన భిక్షేనని ఇందాక మిత్రులు అన్నారు. నిజమే. ఇరవై రెండేళ్ళప్పుడు బుల్‌బుల్ పిట్టల మీదా మధుపాత్రల మీదా పద్యాలు కట్టుకుని వెళితే, ఓపిగ్గా అంతా విని, "బుల్‌బుల్‌ని ఎక్కడ చూశావు నాయనా మంఠార్?" అన్నారు. చూడలేదన్నాను. పోనీ మందు సంగతేమిటన్నారు. ప్రిన్సిపాల్ గారున్నారు, అది మాత్రం చెప్పను. (నవ్వులు) ఆ మర్నాటి నుంచి వరికోతల్లో కూలీల మధ్య కూర్చోబెట్టి చదివించేవారు, ఎవరికైనా అర్థం చెప్పాల్సి వస్తే ఆ మాట కొట్టేయించేవారు. జమీందారు మంచం మీదా, రైతు మట్టిలోనూ కూర్చునే మన ఊళ్ళలో ఆయన ముంగిట మంచమన్నదే ఉండేది కాదు. జమీందారైన మీ నాన్నగారు కూడా అక్కడ నేలమీదే కూర్చునేవారు, గుర్తుందా రయీసు గారూ? దేవుడు మన పక్కన కూర్చునేవాడే గానీ నెత్తిన కూర్చునేవాడు కాదని ఫకీరు గారి వాదం. నా మూడు పుస్తకాలూ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగినవే.

మొదటి పుస్తకానికి సన్మానం ఈ హాల్లోనే జరిగింది. ఆయన తొమ్మిది మైళ్ళు నడిచి వచ్చారు. బురద కాళ్ళు చూసి ఎవరో చెప్పుల దగ్గర కూర్చోబెట్టారు. వేదిక మీంచి చూశాను. చూసి కూడా లేవలేదు, పక్కన కలెక్టరు గారున్నారు మరి. నేలమీద కూర్చునే దేవుడి గురించే పద్యం చదివాను. చప్పట్లయ్యాక తలెత్తితే ఆయన లేరు. రేపు వెళ్ళి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. రేపు రేపంటూ పదకొండు నెలలు గడిపాను, ఈలోగా ఆయన పోయారని కబురొచ్చింది. ఆ తర్వాత నేను రాసిన ఒక్క పాదం కూడా నాకు నిజమనిపించలేదు. మీరు మెచ్చుకున్నారు, అది మీ మంచితనం.



ఇవాళ ఆయన కూతురు భాగ్‌భరీ వచ్చింది. అదిగో, ఆ ఎర్ర ముసుగావిడ. వేదికెక్కేముందు, ఇప్పటికైనా ఆ తప్పు దిద్దుకుందామని వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను. కూర్చోగానే ఆ వరసంతా లేచి నిలబడింది. ఓ ముసలాయన తలపాగాతో కుర్చీ తుడిచి తెచ్చాడు. మీ ముంగిట ఎవరికీ మంచం ఉండేది కాదు కదమ్మా, నాకెందుకీ కుర్చీ అన్నాను.

"మీకుంది సాయీ" అంది, దొరని పిలిచినట్టు. "ఆ సభ నుంచి వచ్చిన మర్నాడే నాన్న మంచం అల్లించాడు. మంఠార్ పెద్దవాడయ్యాడు, వస్తే ఇక నేలమీద కూర్చోలేడు అన్నాడు. ఇప్పటికీ అలాగే ఉంది, ఎవరం కూర్చోం."

ఎవరికీ వంగని మనిషి నా కోసం తన నియమం తప్పారు. ఆయన చేత తిట్లు తిన్నా నాకు బాగుండేది.

ఈ అజ్రక్ శాలువా కప్పి గౌరవించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు వేదిక దిగాక నేనెక్కడ కూర్చోవాలో నాకు తెలియడం లేదు. సెలవు.