కళ్ళకు గంతలు

ఇటలీలోని ఫెరారా నగరం. కార్నివాల్ పండగ ఆఖరి రోజు, మధ్యాహ్నం. షావుకారు అంబ్రోజో ఇంటి పెద్ద హాల్లో హాస్యనాటకం నడుస్తోంది. రంగు తెర వెనక ఆయన కూతురు ఫ్యామెట్టా, ఆమెను పెంచిన దాది మెనికా.

"...కట్టేశారా?"

"కట్టేశారమ్మడూ. మీ నాన్నని జనంలోంచి లాక్కొచ్చి మరీ గంతలు కట్టాడు ఆ నటుడు గంబెట్టా. వినపడట్లా నవ్వులు?"

"నవ్వులెవరిక్కావాలి. కార్లిన్ ఈల వెయ్యలేదేం?"

"నిన్ను పెళ్ళాడేవాడు పడవ ఒడ్డుకి తెచ్చుకోవద్దూ? ఈల వినగానే ఈ తలుపు తీసుకుని పరుగెత్తు. ప్రతి నాటకంలోనూ జరిగేదేగా, ముసలాయన కళ్ళు కట్టేసి పిల్లని దాటించడం."

"నాటకంలో దొరికితే నాలుగు తిట్లు. ఇక్కడ దొరికితే?"

"దొరక్కు."

"నాకు భయంగా ఉంది మెనికా."

"నాకు లేదనుకున్నావా? రేపు పొద్దున నిన్ను సన్యాసినుల మఠంలో దింపి రావాల్సింది నేను."

"నాన్న చెప్పిందే నిజమైతే? చిన్నప్పుడు ఆ జ్వరంలో పోవాల్సినదాన్ని. నన్ను దేవమాతకి ఇచ్చేస్తానని మొక్కుకుంటేనే కదా బతికాను. ఇప్పుడు ఎగ్గొడితే..."

"మొక్కుకుంది ఆయన. నువ్వు కాదు."

"పోయేది నేను కదా. చెప్పు, నువ్వూ నమ్ముతావు కదూ?"

"ఆ రోజు నీ మంచం పక్కనే ఉన్నాను. ఆయన నేలకేసి తల కొట్టుకున్నారు. నన్నేం అడక్కు తల్లీ."

"అయితే వద్దులే. నేను వెళ్ళను."

"ష్. నవ్వులు ఆగాయి."

"ఎందుకాగాయి?"

"సందులోంచి చూడనీ... అయ్యో, ఇటే వస్తున్నారు. తెర తడుముతున్నారు."

"గంతలు?"

"ఉన్నాయి, ఉన్నాయి. గోడకి ఆనుకో. ఊపిరి బిగబట్టు."

"అదుగో ఈల. మెనికా, ఈల..."

"విన్నాను. తలుపు... ఆగు, ఆగు. అడ్డంగా వచ్చేశారు. గంబెట్టా వెనక్కి పిలుస్తున్నాడు, విను."

"షావుకారుగారూ, తెర వెనకేముంది, ఎలకలు తప్ప? అమ్మాయిలంతా ఇక్కడుంటే అటెక్కడికి?"

"ఉండు గంబెట్టా. ఇక్కడెవరో ఉన్నారు... ఆఁ, దొరికావు."

"అయ్యగారూ, నేనే. మెనికాని."

"నువ్వు నా ఎడంపక్క నుంచి మాట్లాడుతున్నావు మెనికా. నా చేతిలో ఉన్నది వేరే మనిషి. వణికిపోతోంది."

"అయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా..."

"నువ్వు ఊరుకో. మొహం తడిమి చూడనీ."

"పట్టుకుంటే సరా షావుకారుగారూ? పేరు చెప్పాలి. సరిగ్గా చెబితే మనిషి మీదే. తప్పు చెబితే వదిలెయ్యాలి. తెర అవతల అందరూ వింటున్నారు."

"చెప్తానయ్యా, తొందరేం? కనుబొమ్మ మీద చిన్న మచ్చ. నుదురు చల్లగా ఉంది. జ్వరం లేదు. జ్వరం లేనే లేదు."

"పేరు, షావుకారుగారూ, పేరు."

"మెనికా. మా దాది మెనికా... ఏం, తప్పా? అయితే వదిలేశాను. వెతికానో లేదో దేవమాత చూసిందిగా. గంతలు విప్పకు గంబెట్టా, ఇంకాసేపు వెతుకుతాను."