వాలీబాల్ కోర్టుకు తాళం

కాలనీలో మత్తు నిరోధక సంఘానికి అధ్యక్షుడైన తమ్ముడు, సన్మానంలో వేసిన పతకం మెళ్లోంచి తీయకుండానే అక్క ఇంటికి వచ్చాడు. అక్క నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీ చూపించింది.

"వాలీబాల్ కోర్టుకు తాళం వేయించాక లోపల ఒక్క సిగరెట్ పీక దొరికితే ఒట్టు, అక్కా!"

"ఎవర్నీ లోపలికి పోనివ్వకపోతే పీక ఎక్కణ్ణుంచి వస్తుందిరా?"

"అదే కదా కిటుకు! కుర్రాళ్లు నలుగురూ ఒకచోట చేరితేనే కదా చెడిపోయేది."

"నీ మేనల్లుడు ఆడేది అక్కడే."

"అందుకే కదా పట్టుబట్టి తాళం వేయించింది! మేనమామనన్నాక ఆ మాత్రం బాధ్యత ఉండదా?"

"అక్కడ ఆడే రోజుల్లో మట్టి కొట్టుకుపోయి, చెమట కంపుతో వచ్చేవాడు. గుమ్మంలోంచే ఆకలని అరిచేవాడు."

"మరి ఇప్పుడో?"

"శుభ్రంగా వస్తాడు. ఒళ్లంతా సెంటు, నోట్లో యాలక్కాయ. ఆకల్లేదంటాడు. నా మొహంలోకి చూడకుండా గదిలోకి పోయి గడియ పెట్టుకుంటాడు."

పతకం సర్దుకుంటున్న తమ్ముడి చెయ్యి ఆగిపోయింది.

"సాయంత్రాలు ఎక్కడికి పోతున్నాడక్కా?"

"కోర్టులో ఉన్నన్నాళ్లూ నా వంటింటి కిటికీలోంచి కనబడేవాడు. ఇప్పుడెక్కడున్నాడో నువ్వే చెప్పాలి, అధ్యక్షుడివి."

తమ్ముడు జేబులోంచి తాళంచెవి తీశాడు. అక్క ఆశగా చెయ్యి చాపింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

"కంగారు పడకక్కా. రేపే సంఘాన్ని పిలుస్తాను. ఆ సెంటు అమ్మే కొట్టుక్కూడా తాళం వేయిద్దాం."