గుట్ట మీది ఆఫీసు

(శనివారం పొద్దున. అటవీ శాఖ కాపాడే గద్దలగుట్ట మీదికి పోయే కాలిబాట. ఫలక్‌నుమా నుంచి రెండు బస్సులు మారి వచ్చిన సుందరమ్మ, ఆమె కూతురు షారోన్ ఎక్కుతున్నారు.)

"థూ! గిదేంది షారోన్, గిది గుట్టనా, మా ఫలక్‌నుమా కచ్రా కుండినా?"

"మెల్లగమ్మా, అందరు వింటున్నరు."

"విననియ్యి. అగో, గా కొమ్మకు ఏందో సూడు. పిల్లల డైపర్ గాదే అది? తోరణం కట్టినట్టు తగిలిచ్చి పోయిన్రు. ఛీ ఛీ!"

"అటు సూడకు. ఇటు సూడు, ఎంత పచ్చగుందో. సల్లగాలి వస్తలేదా?"

"గాలా? అటు మల్లితే పాసిపోయిన బిర్యానీ వాసన, ఇటు మల్లితే ఉచ్చ కంపు. రోడ్డు ఊడ్సేటప్పుడు మూతికి కట్టుకునే బట్టన్న తెచ్చుకోకపోతి. అడవంటే ఆకు వాసన వస్తదనుకున్న."

"మీదికి పోతే వస్తది."

"బస్సుల గంత మంచిగ ముచ్చట్లు వెట్టిన జనమే గదనే వీళ్లు! ఫ్రీ టికెట్ తీసుకొని, ఒకల మీద ఒకలు పడుకుంట, అమ్మా కూసో, అమ్మా జరుగు అనుకుంట వచ్చిన్రు. దిగంగనే గింత గలీజుగ ఎట్ల తయారైతరు?"

"మోకాళ్లు నొస్తున్నయా? జర కూసుందమా?"

"యాడ కూసోవాలె? గా రాయి మీద కోడిబొక్కలు, గీ రాయి మీద ఎవడో కక్కిపోయిండు. నీ ఆఫీసులనే కూసుంట. ఇంకెంత దూరం?"

"మీద ఉంటది."

"ఇందాకటి సంది మీదనే అంటున్నవ్."

"మీదనే అమ్మా."

"ఫ్యాన్ ఉందా?"

"ఆ, ఉంది."

"నీ కుర్సీ గిర్రున తిరిగేదా, మామూలుదా?"

"కుర్సీ... కుర్సీ లెక్కనే ఉంటది. నీళ్లు తాగుతవా?"

"తాగ. తాగితే మల్ల యాడికి పోవాలె? ప్రతి చెట్టెనుక ఎవడో ఒకడు నిలవడే ఉన్నడు. కని ఒక్కటి, గేటుకాడ ఆయన నిన్ను జూసి టికెట్ గూడ అడగలె. పో షారోనూ అన్నడు. నాకు మస్తు సంబురమైంది. రేపు చర్చిల చెప్త."

"మల్లనా? పోయిన ఆదివారమే సాక్ష్యం చెప్తివి గద."

"దేవుడు మేలు జేస్తే చెప్పొద్దా? వరమ్మ కొడుకు బైకు కొన్నదానికే మూడుసార్లు లేసి చెప్పింది. నేను పెండ్లైన కాడ్నుంచి రోడ్లు ఊడ్సిన, నా పిల్లతోని మాత్రం చీపురు ముట్టియ్యలె, ప్రభువు దాన్ని అడవి ఆఫీసుల కుర్సీ మీద కూసోబెట్టిండు అని చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. పాస్టరమ్మ ఏడ్సింది."

"నన్ను ఒక మాట అడిగి చెప్పేదుండె."

"దేవుని మేలు చెప్పెటందుకు నిన్ను అడగాల్నా?"

"సరే తియ్యి. అమ్మా... మున్సిపాలిటీ ముచ్చట ఏం జేసినవ్?"

"ఏ ముచ్చట?"

"గదే. నీ మోకాళ్లు ఇగ పనిజెయ్యయని డాక్టర్ చెప్పిండు గద. నువ్వు దిగిపోతే నీ నౌకరీ నాకిస్తమన్నరు గద. ఏ సంగతి సోమవారం లోపల చెప్పుమన్నరు."

"ఇప్పుడెందుకు గా లొల్లి?"

"ఊకనే అడిగిన."

"ఊకనే అడిగితే ఊకనే ఉండు. నడువ్."

"అది పర్మినెంటు నౌకరీ అమ్మా. పక్కా జీతం..."

"ఆ, పక్కా. చచ్చిన ఎలుకను చేత్తోని తీసుడు పక్కా. తాగినోడు కక్కితే మట్టి పోసి ఎత్తుడు పక్కా. ఎంత సబ్బు రుద్దినా అన్నం ముద్ద నోటికాడికి తెస్తే గదే వాసన. కావాల్నా నీకు? ఆ?"

"నేనేమన్న కావాలన్ననా?"

"అనకు. కుర్సీ ఉన్నదానివి కుర్సీ ముచ్చట మాట్లాడు... ఓ బాబూ! ఓ నీలం టోపీ! గా సీస ఎందుకిసిరినవ్?"

"నాతోనా ఆంటీ?"

"నీతోనే. చెట్టు మొదట్ల కొట్టి పగలగొట్టినవ్. కాళ్లకు గుచ్చుకోవా?"

"అరే ఆంటీ, టెన్షన్ ఎందుకు? ఏరేవాళ్లుంటారు ఇక్కడ. సాయంత్రానికి వచ్చి తీసుకుపోతారు."

"వాళ్లేమన్న నువ్వు పెంచుకున్నోళ్లా?"

"వాళ్లకు జీతమిచ్చేది అందుకే కదా. మేం పడెయ్యకపోతే వాళ్లకు పనేముంటుంది చెప్పండి?"

"నీ నోరు పడిపోను! గట్ల నవ్వుతవేందిరా?"

"అమ్మా, వదిలెయ్యి. మీరు పోండ్రి అన్నా. అమ్మకు మోకాళ్ల నొప్పి, చికాకుల ఉంది."

"థాంక్స్ సిస్టర్. బై ఆంటీ."

"వాన్ని అన్నా అంటవేందే? మీద ఉమ్మేయక?"

"రోజు ఎంతమందితోని కొట్లాడుతమమ్మా."

"రోజా?"

"అంటే... రోజు జూస్తుంట గద. ఆఫీసులకెల్లి."

"కిటికీలకెల్లా?"

"ఆ, కిటికీలకెల్లి."

"ఎవల పిల్లలో పాపం, ఈడ ఏరేటోళ్లు. మాకన్న బండి వస్తది, ఎత్తి పోస్తం. ఈడ ముండ్లకంపల దూరాలె, కోతుల నోట్లకెల్లి గుంజాలె, మూటగట్టి గుట్ట దిగాలె. అదీ గిసుంటోని ఎంగిలి. నాకే అసయ్యమేస్తుంది. గా పని జేసుడుకంటే అడుక్కతినుడు నయం."

"గట్లనకమ్మా."

"ఎందుకనొద్దు?"

"వాళ్లు గూడ మనుషులే గద."

"నేను మనిషిని గాదా? నేను చేసిన గబట్టే అంటున్న. ఇంకొకలంటే మూతి పగలగొడ్త."

"ఆగమ్మా! కాలు వెట్టకు. మూతి పగిలిన సీస."

"యాడ?"

"ఆకుల కింద. జరుగు, నేను తీస్త... ఆ, అయింది. నడువ్."

"షారోన్."

"నడువమ్మా, ఎండ ముదురుతది."

"గదెట్ల తీసినవ్?"

"ఎట్ల తీసిన?"

"బూటుతోని ఆకులు జరిపినవ్. మూతి దిక్కు పట్టలె, అడుగు పట్టి లేపినవ్. సన్న పెంకలన్ని గా సీసల్నే ఏసి, చిప్స్ పాకిట్ల చుట్టి, సంచిల ఏసినా చినగకుంట పాకిట్ మూతి మలిచినవ్."

"చెయ్యి కోసుకోకుంట ఎవలైనా గట్లనే తీస్తరు."

"ఎవలూ తియ్యరు. ఎవలైనా రెండు వేళ్లతోని పట్టుకొని అవుతల పారేస్తరు. నీ చెయ్యి సూపియ్యి."

"అమ్మా, ఈడ గాదు."

"సూపియ్యి అన్ననా... గీ గాట్లేంది?"

"ముండ్లు."

"ముల్లు గీస్తది, గట్ల కొయ్యది. నా ఇంట్ల నీతోని చీపురు గూడ ముట్టియ్యలె నేను. ఎవలు నేర్పిన్రు నీకు?"

"స్రవ్యక్క."

"ఆమె ఎవలు?"

"నాతోని పనిజేస్తది."

"ఆఫీసులనా?"

"మీద ఆఫీసు లేదమ్మా. మీద బెంచీలున్నయ్. ఫొటోలు దిగే జాగ ఉంది. ఇంతకంటే ఎక్కువ కచ్రా ఉంది."

"మరి కుర్సీ?"

"ఉండె. అబద్ధం చెప్పలె నీకు. గేటుకాడ టికెట్ల కౌంటర్ల కూసోబెట్టిన్రు, ఫ్యాన్ గూడ ఉండె. తర్వాత టికెట్లు ఫోన్లనే తీసుకుంటున్నరని కౌంటర్ మూసేసిన్రు. కాంట్రాక్టరు సంచి, గ్లౌజులు ఇచ్చిండు. ఉంటే ఉండు, పోతే పో అన్నడు."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్పాలెనే అనుకున్న. పోయిన ఆదివారం డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన. నువ్వు కోడికూర వండి కూసున్నవ్. చర్చిల చప్పట్లు కొట్టిన్రు అన్నవ్. ఇగ నాకు నోరు రాలె."

"థూ!"

"నన్నేనా అమ్మా?"

"నన్నే. నా మూతినే. అడుక్కతినుడు నయం అన్నది గీ మూతే గద."

"నువ్వు నన్ను అనలే. ఏడ్వకు, జనం సూస్తున్నరు."

"సూడనియ్యి. ఎవల ఎంగిలో నా బిడ్డ ఎత్తుతుంటే నేను సాక్ష్యం చెప్పుకుంట తిరిగిన."

"ఇను. అందుకే ఇయ్యాల తోల్కొచ్చిన. ఇంట్ల చెప్పలేకపోయిన, కండ్లతోని జూస్తే నీకే సమజైతదనుకున్న. నాకు గీ పని అసయ్యమే అమ్మా. ఇంటికి పోయి తానం జేసినంక గూడ అసయ్యమే. కని ఏరుడే ఉన్నప్పుడు గీ గుట్టెందుకు, గీ రెండు బస్సులెందుకు? నీ నౌకరీ నేను జేస్త. ఇంటి దగ్గర. పండుగకు సెలవుంటది, రోగమొస్తే దవాఖాన చూపిస్తరు, ముసలితనానికి పింఛనుంటది. పోతే పో అని ఎవడూ అనలేడు. పర్మినెంటైతే నిన్ను గూడ మంచిగ సూసుకుంట."

"బిడ్డా..."

"చీపురని ఫికర్ చెయ్యకు. గీ గాట్లకంటే చీపురు మేలు. సోమవారం ఇద్దరం పోదం. నా పిల్ల చేస్తది, దానికియ్యండ్రి అని చెప్పు. ఆ? పోదమా?"

"సాక్ష్యం చెప్పిన తెల్లారే పోయిన బిడ్డా. నా పిల్ల చీపురు పట్టదు, నా జాగల ఇంకెవల్నన్న పెట్టుకోండ్రి అని వేలిముద్ర ఏసొచ్చిన."