బొటనవేలు పట్టేంత

హలో… ఆ, నేనే అత్తా, మార్వాని… మార్వా. నీ తమ్ముడి కూతుర్ని. ఎంతమంది మార్వాలున్నారేంటి నీకు?

ఎంతసేపు మోగించానో తెలుసా… ఏంటి, బటన్ మీద వేలు ఆనట్లేదా? సరే సరే, ఆ గొడవ తర్వాత. నాకు టైము లేదు.

తిన్నాను… తిన్నానత్తా. బ్రెడ్డు, గుడ్డు, ఏదో పళ్ళరసం… లేదు, బామీ పెట్టలేదు. కింగ్‌స్టన్‌లో ఇంత పెద్ద హోటలు కట్టుకుని, వేయించిన బామీ రొట్టె ముక్క పెట్టడానికి చేతులు రావు వీళ్ళకి. వచ్చాక నువ్వే పెడుదువుగాని. ఉప్పుచేపతో.

విను. మీటింగు మధ్యలోంచి లేచి వచ్చా. లోపల ముప్ఫై దేశాలవాళ్ళు కూర్చుని ఉన్నారు… అవును, మన అకీ పండు గురించే. డబ్బాలో పెట్టి వేరే దేశానికి పంపాలంటే పండు ఎలా ఉండాలో, ప్రపంచమంతటికీ కలిపి ఒకే రూలు రాస్తున్నారు. ఆ రూలు లేకే కదా పోయినేడాది మన కంటైనర్లు రెండూ కొన్నవాళ్ళ రేవు నుంచి వెనక్కొచ్చాయి. డబ్బాలు కట్టే మన షెడ్డుకి తాళం పడి ఎన్నాళ్ళయింది?… ఏడు నెలలా. నేను ఆరనుకుంటున్నా.

ఇవాళ రాసేస్తే వచ్చే నెల షెడ్డు తెరుస్తాం. పన్నెండుమందీ మళ్ళీ పనిలోకి రావచ్చు. ఇవాళ తేలకపోతే మళ్ళీ రెండేళ్ళకి కూర్చుంటారంట… నెలలు కాదత్తా, ఏళ్ళు. వాళ్ళ పద్ధతది. నన్నేం చెయ్యమంటావు?

మిగతావన్నీ అయిపోయాయి. ఉప్పునీళ్ళెంత, డబ్బా రేకు మందమెంత, గింజ పక్కనుండే ఎర్ర పీచు తీసెయ్యాలని… అన్నీ ఒప్పేసుకున్నారు. ఒక్కచోట ఆగింది. నోటి దగ్గర.

నా నోరు కాదు. పండు నోరు.

"చెట్టు మీద తనంతట తాను నోరు తెరిచిన పండునే కొయ్యాలి" అని రాశారు. అందరూ తలూపారు. హమ్మయ్య అనుకుని నేను కాగితాలు సర్దుకుంటున్నా. అంతలో ఆ లాబొరేటరీ డాక్టరమ్మ… లిండ్‌క్విస్ట్ అని, పొడుగ్గా ఉంటుంది, కళ్ళజోడు గొలుసు కట్టి మెళ్ళో వేలాడేసుకుంటుంది… ఆవిడ చెయ్యెత్తింది. తెరవడమంటే ఎంత తెరవాలి అని.

నేనూ అదే అన్నా. ఎంతేంటమ్మా, పండు ఆవలించాలి, అంతే, అన్నా… ఊహూఁ, ఒక్కరూ నవ్వలేదు. ఆవలింతకి కొలతేది అన్నాడు అధ్యక్షుడు.

తిట్టకు, పెద్దాయన. పైగా చేతిలో సుత్తి ఉంది… ఎవర్నీ కొట్టడు. బల్ల మీద కొడతాడు. అది పడిందంటే ఆ మాట ఖాయమైపోయినట్టే, తర్వాత ఎవరేం మొత్తుకున్నా చెల్లదు.

ఆ మూలనుంచి ఒకాయన లేచి ఐదు మిల్లీమీటర్లు చాలన్నాడు… అవును, చీమ దూరేంత. అప్పటికింకా కాయలో విషం ఎక్కడ పోతుంది? నాకు ఒళ్ళు మండింది. ఈ మూలనుంచి ఇంకొకాయన లేచి యాభై అన్నాడు… ఆఁ, నువ్వన్నట్టే, అంత తెరిచేదాకా కూర్చుంటే పిట్టలు తిని మనకి గింజలు మిగులుస్తాయి. ఇద్దరూ ఈ జన్మలో అకీ చెట్టు చూసినట్టు లేరు.

అందుకని నేను లేచి, మా అత్తని అడిగి చెబుతానన్నా… నిజంగానే. ముప్ఫై దేశాల ముందు. ఇసిల్డా అత్త అని పేరు కూడా చెప్పా. నలభై ఏళ్ళుగా మా ఊళ్ళో ప్రతి పండూ ఆవిడ చేతిమీదుగానే బుట్టలో పడుతుంది, ఇంతవరకు ఒక్క మనిషికి కడుపునొప్పి రాలేదు అన్నా. అధ్యక్షుడు గడియారం చూసుకుని పావుగంటిచ్చాడు. అందులో ఐదు నిమిషాలు నువ్వు ఫోనెత్తేసరికే పోయాయి.

మురిసిపోవడం తర్వాత. ముందు ఇది చెప్పు. పండు పనికొస్తుందని నీకెలా తెలుస్తుంది?

చూస్తే తెలుస్తుందా… అత్తా, "చూస్తే తెలుస్తుంది" అని రూల్లో రాయడం కుదరదు.

పండే చెబుతుందా. అది అసలు కుదరదు.

కాదు, నీకు తెలీదని కాదు. నీకు తెలుసు. నీకు తెలిసిందాన్ని డాక్టరమ్మకి అంకెల్లో చెప్పాలి, అదీ గొడవ. సరే, ఇలా ఆలోచించు. కొక్కెం కర్రతో పండు కోసి నీ ముందు పెట్టారు. నువ్వు చేతిలోకి తీసుకున్నావు. తర్వాత ఏం చేస్తావు?

ఆగు. ఏమన్నావు?

బొటనవేలు… అవును కదూ. పండు నోట్లో బొటనవేలు పెట్టి చూస్తావు. అంచులు తగలకుండా లోపలికి పోతే బుట్టలోకి, తగిలితే గోతిలోకి. ఎన్ని వేలసార్లు చూసుంటాను, నాకే గుర్తు రాలేదు చూడు. చిన్నప్పుడు ఒకసారి నేను పెడతానంటే చేతి మీద ఒక్కటిచ్చావు.

తెలుసు… లెన్నీ బాబాయి సంగతి నాన్న చెప్పాడు. అప్పటికి ఆరేళ్ళ పిల్లాడు, ఆకలేసి, మూసుకున్న కాయ ఒలుచుకుని తిన్నాడని… నువ్వు నీళ్ళకెళ్ళి వచ్చేలోపే… తెలుసత్తా. అందుకేగా ఇంకెవరి వేలునీ నమ్మవు.

ఏడవకు. నువ్వేడిస్తే నాకూ వస్తుంది. ఇది హోటలు వరండా, టీలు పట్టుకుని తిరిగేవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు.

సరే, లే. లేచి కుట్టుమిషను టేపు తీసుకో. నీ వేలు కొలుద్దాం… అవును, నీ వేలే. అదే రాయిస్తా లోపల. మామయ్య లేడా? వెతికి పెడతాడు కదా… డామినోలా? పొద్దున్నే?… పోన్లే, ఇవాళ కొత్తేం కాదు.

కందిరీగలేంటి మధ్యలో?… ఊఁ… చెట్టు మీద గూడు తియ్యమని మూడువారాలుగా చెబుతున్నావు, రేపు రేపంటున్నాడు, నిన్న పొద్దున ఏమైందంటే… అత్తా. అత్తా. మామయ్య మీద నువ్వు చెప్పేవి సాయంత్రం తీరిగ్గా వింటా. అవెక్కడికీ పోవు. టేపు చూడు.

మిషను సొరుగులో లేదా?… బైబిల్లో చూడు, చదివిన చోట గుర్తుకి పెట్టుకుంటావుగా… ఆ, చూశావా. నీకంటే నాకే తెలుసు నీ ఇల్లు.

అంగుళాల వైపు కాదు, తిప్పు. చిన్న చిన్న గీతలుంటాయి, అటు. కుడిచెయ్యే కదా పండ్లు చూసేది?… ఆ, ఆ చెయ్యే. వేలుకి అడ్డంగా పెట్టు. గోరు దగ్గర కాదు, లావుగా ఉన్నచోట. ఈ పక్క నుంచి ఆ పక్కకి… ఎందుకు అబ్బా అంటున్నావు?… నొప్పా? వయసత్తా, వయసు. రాత్రికి సెరసీ కషాయం కాచుకుని తాగు. ఏ గీత దగ్గర పడింది?

సరిగ్గా చూడు. కళ్ళజోడు పెట్టుకుని చూడు.

ముప్ఫై రెండు… మిల్లీమీటర్లు. అంత లావా నీ వేలు?

కాదు, నిన్నేమీ అనట్లేదు. అరవై ఏళ్ళు యాము దుంపలు తవ్విన చెయ్యి, నాజూగ్గా ఎలా ఉంటుంది?… "ఇవాళైతే" ఏంటి?… తర్వాత, తర్వాత. తలుపు దగ్గరనుంచి పిలుస్తున్నారు. ఫోను పెట్టెయ్యకు, చేత్తో పట్టుకునే లోపలికి పోతా, నువ్వూ విందువుగాని. కానీ మాట్లాడకు. దగ్గొచ్చినా ఆపుకో.

…

అధ్యక్షా, ఆలస్యానికి క్షమించాలి… కనుక్కున్నానండీ. ముప్ఫై రెండు మిల్లీమీటర్లు. పండు నోరు అంత వెడల్పు తెరుచుకుంటేనే డబ్బాకి పనికొస్తుంది… ఆధారం, నలభై ఏళ్ళ వాడుక. కోసిన ప్రతి పండునీ ఆవిడ బొటనవేలితో చూసిందండీ. ఆ వేలు కొలతే ఇది… అవును, ఇప్పుడే కొలిచాం. టేపుతో.

ఒక మనిషి వేలుని నమ్మడమెలా అని డాక్టర్ గారు అడిగింది మంచి ప్రశ్నే. నేనూ అదే చెప్పబోతున్నా. ఒకే మనిషి, ఒకే చెయ్యి, ఒకే వేలు. లాబొరేటరీలో యంత్రాలు పాడవుతాయి, కొత్తవి కొంటారు, అంకెలు అటూ ఇటూ అవుతాయి. మా అత్త వేలు మాత్రం మారదండీ.

…

ఐదన్న పెద్దమనిషికి అభ్యంతరం లేదా?… యాభైకి ముప్ఫై రెండు దగ్గరే కదండీ, మీరూ కొంచెం దిగిరండి… థాంక్సండీ. చాలా థాంక్స్.

…

అత్తా. ఉన్నావా? ఠప్పుమని ఒక చప్పుడు విన్నావా? అదే సుత్తి.

అయిపోయింది. రూలు రాసేశారు… ముప్ఫై దేశాలూ. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ రాసుకుంది, ముప్ఫై రెండు అని. ఇక ప్రపంచంలో అకీ డబ్బా ఎవరు కట్టినా నీ వేలు కొలత ప్రకారమే కట్టాలి. …లేదు, ఏడవట్లేదు. సరే, ఏడుస్తున్నా. ఇందాకటి ఏడుపు కాదులే, ఇది బాగానే ఉంది. షెడ్డు తాళంచెవి నీ దగ్గరే ఉందిగా? తుప్పు పట్టకుండా కొంచెం నూనె రాయి.

ఆ, ఇప్పుడు చెప్పు. ఇందాకట్నుంచీ ఏదో చెప్పాలంటున్నావు. ఎంతసేపైనా వింటా.

కందిరీగల గూడు… ఊఁ… మామయ్య తియ్యలేదు… నిన్న పొద్దున నువ్వే కొక్కెం కర్ర పెట్టి పొడిచావా? అరవై ఎనిమిదేళ్ళకి నీకెందుకత్తా ఆ పని. ఎన్ని కుట్టాయి?… ఒక్కటేనా. నయం. ఎక్కడ?

చేతి మీదా.

ఏ చెయ్యి?

…కుడిచెయ్యి. ఎక్కడ కుడిచెయ్యి మీద?

అత్తా. వేలు పేరు చెప్పు.

…

బాగా వాచిందా?… బన్నులాగా. మరి మామూలప్పుడు ఎంతుంటుంది?… తెలీదా. టేపు అక్కడే ఉందిగా, ఎడమచేతి బొటనవేలు కొలువు… అదే వైపు… చెప్పు.

ఇరవై రెండు.

ఒక్క నిమిషం. ఇక్కడ మెట్లున్నాయి, కూర్చుంటా.

ముందే చెప్పొచ్చు కదా… చెప్పబోయావా? ఎప్పుడు?… ఆ, ఫోనెత్తగానే బటన్ సంగతి… ఆ. టేపు వెతికేటప్పుడు… ఆ. ఇవాళైతే… అవును, నేనే తర్వాత అన్నా. మూడుసార్లూ అన్నానా?… లెక్కపెట్టావు కూడా.

వెళ్ళి నిజం చెప్పాలా? ఏమని చెప్పను. మా అత్త వేలు మారదని చెప్పి ఐదు నిమిషాలు కాలేదు. ఇప్పుడెళ్ళి కందిరీగ కుట్టిందంటే ఆ డాక్టరమ్మ అసలు వేలితో కొలవడమే వద్దంటుంది. మొత్తం వెనక్కి పోతుంది. రెండేళ్ళు. షెడ్డు తాళం అలాగే ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోతున్నానత్తా. నవ్వకు… నవ్వకంటే. నాకూ నవ్వొస్తోంది.

ఏమన్నావు?… ఊఁ.

ఊఁ, అదీ నిజమే. తక్కువ రాస్తే భయపడాలి. ఎక్కువ రాస్తే ఎవరికీ ఏమీ కాదు. లెన్నీ బాబాయిలాంటి పిల్లాడు ఇంకొకడు… అవును. నువ్వలా అన్నాక నాకు కొంచెం ఊపిరాడుతోంది. ఉండనీ, ముప్ఫై రెండే ఉండనీ.

ఒక్క రోజు ఆలస్యంగా కోస్తాం, అంతేగా?… అదే, ఆ ఒక్క రోజుతోనే కదా చిక్కంతా. ఇరవై రెండు తెరిచేసరికి పిట్టలు చూసి పెట్టుకుంటాయి, ముప్ఫై రెండుకి విందు చేసుకుంటాయి. పన్నెండుమంది ఆడవాళ్ళు షెడ్డు తెరుచుకుని డబ్బాల్లో ఏం పెట్టాలి, ఆకులా? రోజూ తెల్లారేసరికి ఎవరో ఒకరు చెట్ల కింద కూర్చుని రేకు డబ్బా వాయిస్తూ ఉండాలి. మనందరికీ పనులుంటాయి. పనీపాటా లేనివాళ్ళెవరున్నారు మన ఊళ్ళో…

నువ్వూ అదే అనుకుంటున్నావా?

వచ్చాడా? ఎక్కడ, గుమ్మంలోనా? ఉండు, వెళ్ళనివ్వకు. ముందు ఒక మాట. వేలికి ఐసు పెట్టావా?… పెట్టకు. ఇంకో గంట ఓర్చుకో. వాపు దిగకముందే ఆ వేలంత లావుగా ఒక కర్రమేకు చెక్కించు. ఇక పండ్ల నోట్లో అదే పెట్టి చూడాలి, నీ వేలు రేపటికల్లా పాత వేలైపోతుంది. సరే, మామయ్యకివ్వు.

మామయ్యా, బావున్నావా?… గెలిచావా. సంతోషం… ఆ, మీటింగు బాగా జరిగింది. నీ పుణ్యమే… నిజం, నువ్వు లేకపోతే ఇంత పెద్ద అంకె వచ్చేది కాదు… ఆ గూడు సంగతి విన్నా. రేపు తీస్తావా? రేపు తీరిక ఉండదు నీకు. ముప్ఫై దేశాలు కలిసి నీకొక ఉద్యోగం ఖాయం చేశాయి… వేళాకోళం కాదు, రాసి సుత్తి కూడా కొట్టారు.

ముందు చాకు తీసుకుని అత్త చెప్పిన మేకు చెక్కు. షెడ్డు తెరిచిన రోజు నుంచి, తెల్లారగానే అకీ చెట్ల కింద రేకు డబ్బా వాయించాలి… పిట్టలు వాలకుండా… ఆదివారం కూడా. పిట్టలకి ఆదివారం లేదుగా. చర్చిలో నీ బదులు అత్త పాడుతుంది… డామినో బల్ల చెట్టు కిందికి తెచ్చుకుంటావా? తెచ్చుకో. కానీ ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో కర్ర, ఇంక ముక్కలు దేంతో వేస్తావు?… ఎన్నాళ్ళంటే, సుత్తి పడ్డ రూలు మళ్ళీ మార్చేదాకా… అదీ చెబుతా, కూర్చున్నావా? కూర్చో.

పదేళ్ళు.

…

హలో?… మామయ్యా?… హలో?

పెట్టేశాడు.