పప్పుకు ఊపిరెందుకన్నా?

హలో… ఆ, నేనే. కాంతమణినే. వందనాలు డేవిడ్ రాజన్నా.

నిన్న ప్రిసిల్లక్కతోని పంపిన ప్యాకెటా? ఆ, మెంతికూర పప్పు. రుచి చూడమనే పంపిన. తిన్నరా?

…నీళ్ళ లెక్కనా? ఎట్లుంటదన్నా? గరిటె నిలబడేటట్టు చేసి పంపితినే.

ఆగండాగండి. నీళ్ళు మరిగించిన్రా? — మంచిది. ప్యాకెట్ విప్పకుండ అట్లనే వేసిన్రా? — మంచిది. మరి… ఏందీ? సూదితోనా?

పొక్క పెట్టిన్రా!

ఎందుకు…?

లోపల గాలి లేదని… ఊపిరాడదని… అన్నా, పప్పుకు ఊపిరెందుకన్నా?

లే, నవ్వుతలేను. దగ్గు. పోపు ఘాటు.

చూడండి, ప్యాకెట్ సీల్ చేసే ఆ మిషన్ పనే గాలి తీసుడు. నేను తీసిన గాలిని మీరు సూది పెట్టి మళ్ళ లోపలికి పిలిచిన్రు. దాని ఎంబడే బగోనల నీళ్ళు సుత వచ్చినయి. అది పప్పు తప్పు కాదు.

…సరే. పప్పు సంగతి పక్కన పెడదాం. సంఘం క్యాంప్ సెక్రటరీగ మాట్లాడుతున్నరా? అయితే ఉండండి, కుర్చీ గుంజుకుంట.

ఆ. చెప్పండి.

…

నిజమే విన్నరు. ఈసారి అనంతగిరి గుట్ట మీద క్యాంప్‌ల స్త్రీలు వండరు. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నం దాంక, అరవై మందికి కూరలు, పప్పులు అన్ని ఇక్కడనే వండుతున్నం. చల్లార్చి, గడ్డ కట్టించి, గాలి తీసి, సీల్ చేసి, ఫ్రీజర్ల పెట్టి తెస్తం. అక్కడ మరిగే నీళ్ళల్ల వేసి, తీసుడే. నిరుడు మీరంత కలిసి ఒక్క డేరా లేపేసరికి నేను రెండు కూరలు దించిన. ఇది అంత కష్టం కాదు.

కమిటీని అడగలేదా? కమిటీల ఎవరున్నరన్నా? మీరు, పేతురన్న, మీ తమ్ముడు అమ్మిరాజు. మీ ముగ్గురిల ఉల్లిగడ్డ కోసినోళ్ళు ఒక్కరున్నా చెప్పండి, ఇప్పుడే ఫోన్ చేసి అడుగుత.

…

పేతురన్న కట్టెలు మాట్లాడిండా? ఉండనీయండి. రాత్రి చలిమంటకు పనికొస్తయి. పోయినసారి తడి కట్టెలు ఊది ఊది మా కండ్లు ఎర్రగైతే, పాస్టర్ అయ్యగారు చూసి స్త్రీలు కన్నీళ్ళతో ప్రార్థన చేస్తున్నరని మైక్‌ల చెప్పిండు. గుర్తున్నదా?

ఆ, నవ్వండి. నవ్వితే మంచిదే.

…

ఎందుకంటే… ఒక్క నిమిషం. ప్రోగ్రాం కాయితం ఇక్కడనే ఉన్నది, ఫ్రిజ్ మీద అంటించుకున్న. చదువుతా వినండి. శనివారం. పదకొండు గంటలకు. స్త్రీల కూడిక.

మీరు రాసిందే కద. పదమూడేండ్ల నుంచి ప్రతి ఏడు రాస్తున్నరు. ఒక్క ఏడన్న జరిగిందా?

…రాలేదా? మేము రాలేదా? అన్నా, పదకొండింటికి మేము ఏడ ఉంటం? డేరా ఎనక, పొయ్యి కాడ. ఒంటిగంటకు మీకు పళ్ళెం ముందుండాలె గద.

నిరుడు రిపోర్టుల మీరు రాసిన ముక్క నాకు కంఠతా వచ్చు. 'స్త్రీలు హాజరు కానందున కూడిక జరగలేదు.' సంఘం మొత్తం ముందర చదివిన్రు. నా పక్కన కూసున్న గ్రేసీ చేతికి అప్పటికింకా కట్టు ఉన్నది, క్యాంప్‌ల గంజి పడి కాలింది. హాజరు కాలేదట.

అరవై మందికి అన్నం హాజరైందా లేదా అన్నా?

…

లే, కోపం లేదు. మంచిగనే చెప్తున్న. కోపం వచ్చిన ఏడు వట్టిగనే వండిన. ఈ ఏడు కోపం లేదు, మిషన్ ఉన్నది.

…

పాచి కూడంటరా? అదేం మాటన్నా! నాలుగు రోజుల ముందు వండితే పాచి అయితే, మీరు ఏడాదంత తినే ఆవకాయను ఏమంటరు?

లే, అడగండి, అడగాల్సిందే. కడుపు సంగతి కద. చెప్తా వినండి. ఇది మా ఆయన కోసం మొదలుపెట్టిన. రైల్వే గార్డు డ్యూటీ, మౌలాలిల ఎక్కితే ఎప్పుడు దిగుతడో ఆయనకే తెలవదు. డబ్బాల చింతపండు పులుసు కారి తెల్ల యూనిఫాం ఖరాబ్ అయింది. అప్పుడు కొన్న ఈ మిషన్.

మొదటిసారి వేడి వేడి పులుసు అట్లనే సంచిల పోసి స్విచ్ వేసిన. గాలి తీయమంటే పులుసు గుంజుకున్నది. నాకంటే ముందు అదే తిన్నది. ఇగ బుద్ధొచ్చింది — ముందు పళ్ళెంల పోసి గడ్డ కట్టించాలె, తర్వాత సీల్ చేయాలె. రెండోసారి మటన్ బొక్క సంచికి పొక్క పెట్టింది… ఆ, మీ సూది లెక్కనే. అప్పటి నుంచి బొక్కల కూర బంద్. ఖీమానే.

తర్వాత మూడు నెలలు మా ఆయన మీద టెస్ట్ చేసిన. ఒక్క రోజు లీవ్ పెట్టలే. పెట్టిన ఒక్క లీవు సుత మా అత్తగారింటి పెండ్లిల తిన్నందుకు.

…ఎంతసేపు ఆగుతయంటే… మంచుల ఉన్నంతసేపు. నేను బీఎస్సీ చదివినన్నా. సూక్ష్మజీవుల పేపర్ ఒకటుండె, దాంట్లనే మంచి మార్కులు వచ్చినయి. గాలి తీస్తే చాలు, బయట పెట్టినా ఏం కాదనుకునేది నేను కాదు. గాలి లేకుండ బతికే పురుగులు సుత ఉంటయి. అందుకే నాలుగు ఐస్ పెట్టెలు. ఆదివారంది అడుగు పెట్టెల, అది ఆదివారం దాంక తెరవం. ప్యాకెట్ జెర ఉబ్బినా, మెత్తబడ్డా పారేసుడే. ముక్కు పెట్టి చూసుడు లేదు, కుక్కకు వేసుడు లేదు.

తొమ్మిది మందిమి కలిసినం. తొమ్మిది ఇండ్ల ఫ్రీజర్లు నిండినయి. మిగిలినయి మన గల్లీ మూలమీద తుకారాం కిరాణంల, ఐస్‌క్రీమ్ పెట్టెల. పొద్దున ఒక పిలగాడు ఖీమా ప్యాకెట్ చూపించి ఇది ఏ ఫ్లేవర్ అని అడిగిండట. తుకారాం పరేషాన్.

…

సేవనా. ఆ… సేవ మంచిదే. మేమెప్పుడన్న వద్దన్నమా? అందుకే మొత్తం మేమే ఎందుకు మింగాలె అని, మీకు సుత కొంచెం మిగిల్చినం.

అంటేనా? అంటే ప్రతి ప్యాకెట్ మీద రాసిపెట్టినం. ఏ రోజు, ఏ పూట, నీళ్ళల్ల ఎన్ని నిమిషాలు. కింద ఒక పేరు.

…ఉడకబెట్టేటోళ్ళ పేరు.

శుక్రవారం రాత్రి — పేతురు. శనివారం పొద్దున ఉప్మా — అమ్మిరాజు. శనివారం మధ్యాహ్నం — మీరే.

అవును. డేవిడ్ రాజు. పూర్తి పేరు రాసిన, ఇంకొకరు అనుకోకుండ.

పోదన్నా. నీళ్ళల్ల వేసినా పోని ఇంకు అది.

…అన్నమా? అన్నం ఒక్కటి అక్కడ వండాలె. పదకొండింటికి ఎక్కించాలె. బియ్యం, నీళ్ళు, ఉప్పు. బాప్తిస్మానికి పట్టినన్ని నీళ్ళు మాత్రం పట్టొద్దు.

…

మాట్లాడేటోళ్ళా? స్త్రీల కూడికల వాక్యం చెప్పేటోళ్ళు లేరంటరా? ఉన్నరు.

బయటి నుంచి కాదు. మన సంఘమే.

ప్రిసిల్లక్క.

…



ఆ… మీ ఇంటామె ప్రిసిల్లక్కనే. మీ ఇంట్ల ఉండే ప్రిసిల్లక్కనే.

మీకు చెప్పలేదా? మీరు అడిగిన్రా అన్నా?

…

భయస్తురాలు కాదు. మీకు అట్ల కనిపించింది. ఆమె ప్రతి ఏడు చెప్పాల్సిన వాక్యం కాయితాల మీద రాసుకుంటది. మీరు ప్రోగ్రాం అచ్చు వేయించంగనే రాసుకుంటది, క్యాంప్‌కి సంచిల పెట్టుకొని వస్తది. పదకొండింటికి నా పక్కన పీట వేసుకొని ఉల్లిగడ్డలు కోస్తది. మళ్ళ సంచిలనే ఇంటికి తీస్కపోతది. పదమూడు సార్లు.

నాకు సుత నిరుడే తెలిసింది. తెర్లుతున్న పప్పుల గరిటె తిప్పుకుంట గుసగుసగ నాకొక్కదానికే చెప్తుండె. సగంల మీరు వచ్చి, ఇంకెంతసేపు అని అడిగిన్రు.

ఆ మిగిలిన సగం వినాలె నేను. అందుకే ఈ తిప్పలంత.

…

ఆమెతోని మాట్లాడి మాన్పిస్తరా? మాట్లాడండి. ఇంట్ల లేదా? మార్కెట్‌కి పోయిందా?

పోయిందన్నా. మోండా మార్కెట్ పోయి మెంతికూర తెచ్చింది. ఇక్కడికే తెచ్చింది. తొమ్మిదింటి నుంచి ఇక్కడనే ఉన్నది, మిషన్ కాడ.

ఇస్తనా? ఉండండి… అక్కా! అన్న. నీకే.

…

చేతులు ఖాళీ లేవట. ఇంకా ఎనిమిది ప్యాకెట్లు ఉన్నయట.

ఇంకేమో అంటున్నది… ఆ, రాత్రికి మీ ఫ్రీజర్ల ఖీమా ప్యాకెట్ పెట్టిందట, పైనది. సూది ఎక్కడున్నదో చెప్పొద్దన్నది.

…

కొట్టేస్తరా? స్త్రీల కూడిక ప్రోగ్రాంల నుంచి కొట్టేస్తరా?

కొట్టేయండి. ఎట్లున్నా జరగనిది కద, కాయితం మీద ఎందుకు, నిజమే.

కొట్టేసినా పదకొండింటికి మేము చాప వేసుకొని కూసుంటం. మైక్ ఇయ్యకున్నా సరే. పదమూడేండ్లు బగోనల చప్పుడు మీద మాట్లాడినం, గొంతులు మంచిగనే ఉన్నయి.

లే, బెదిరిస్తలేను. మీ కూరలు మీకు తెస్తం. ఐస్ పెట్టెలకు తాళం లేదు. ఆకలైతే ఉడకబెట్టుకుంటరు, లేకపోతే గడ్డ కూర చప్పరిస్తరు. తొమ్మిది మంది ఒక్క మాట మీద ఉన్నం. పేతురన్న ఇంటామె సుత. మీ మరదలు సుత… ఆ, అమ్మిరాజు భార్యనే. ఉప్మా ఆమెదే.

అయ్యగారికి చెప్తరా? చెప్పండి. అయ్యగారి ఇంటామె పొద్దున వచ్చి రెండు పళ్ళేలు తీస్కపోయింది, వాళ్ళ ఫ్రీజర్ల పెట్టనీకి.

…

…

హలో. ఉన్నరా?

ఆ… నేను సుత ఉన్న. తొందరేం లేదు.

…ఏందీ?

ఇరవై నిమిషాలు. నీళ్ళు తెర్లినంక లెక్క పెట్టాలె, ముందు కాదు. ఒక్కో బగోనల ఆరు ప్యాకెట్లు, ఎక్కువొద్దు. — రాసుకుంటున్నరా? పెన్ను దొరకలేదా… టీవీ కింద సొరుగుల ఉన్నదట, అక్క చెప్తున్నది.

ఆ. ఇరవై. తీసినంక కత్తెరతోని మూల కోసుడే. ఐదుగురికి ఒక ప్యాకెట్.

అన్నంకా? బియ్యం మీద మధ్యవేలు పెట్టి… సరే, అది శుక్రవారం రైల్ల చెప్తా. వికారాబాద్ దాంక టైమే టైము.

…

వినొచ్చా అంటే… మగవాళ్ళా? ఎందుకు వినొద్దు? ఎవరు వద్దన్నరు?

మీరా…

మీరు పదకొండింటికి అన్నం కాడ ఉంటరు గద అన్నా. శనివారం మధ్యాహ్నం.

మార్చనీకి రాదు. ఇంకు పోదని చెప్పిన కద.

ఏం కాదు, పొయ్యి కాడికి మంచిగనే వినొస్తది. గాలి ఇటు మర్లితే ప్రతి మాట వినొస్తది. అటు మర్లితే సగం. పదమూడేండ్లు మీ అందరి ప్రసంగాలు మేము అక్కడి నుంచే విన్నం.

…

ఒక్క నిమిషం, లైన్ల ఉండండి. అక్కా, ఆ కాయితాలు దూరం జరుపు, పులుసు పడ్తది… లే, ఇటియ్యి. ఇటియ్యక్కా. ఖాళీ సంచి ఒకటి తీయి… ఆ, చిన్నది చాలు. సాపుగ పెట్టు. మూత వెయ్యి. ఒత్తు.

…

ఆ, మిషన్ చప్పుడే అన్నా. కూర కాదు. అక్క కాయితాలు. ఇగ పులుసు పడ్డా, గుట్ట మీద వాన పడ్డా ఏం కావు. శనివారం కత్తెరతోని కోస్తం.

…మీద రాస్తున్న, ఉండండి. పేరు. రోజు. పదకొండు గంటలు.

ఎన్ని నిమిషాలా?

దీని మీద నిమిషాలు రాయనన్నా. ఉంట.